లండన్ విమానానికి గేటు మూసిన మా అవ్వ

ప్రభువు రెండో రాకడ నాడు మేఘాల మీద, వేవేల దూతలతో, బూర శబ్దంతో దిగి వచ్చినా సరే, మా అవ్వ ఎలిశబెతు అడ్డంగా నిలబడి, "ఆగండయ్యా, ఆఖరి దూత వెనకాల ఎర్ర దీపం నాకు కనపడలా" అంటుంది. పరలోకం తాళంచెవులు పేతురు దగ్గర ఉంటాయని అందరూ అనుకుంటారు. ఆ పేతురును ముందు మా అవ్వ దగ్గరికి ఆరు నెలలు ట్రైనింగుకు పంపి ఉంటే బాగుండేది. ఇది ఊరికే గొప్పకు చెప్పే మాట కాదు. బిట్రగుంట రైల్వే కాలనీలో ఎవరినైనా అడగండి. సగం మంది ఔనంటారు. మిగతా సగం ఆమె గేటు దగ్గర ఎండలో నిలబడి ఆమెను తిట్టుకున్నవాళ్లు.

తాత హెబ్రోను పట్టాల మీద పనిచేసే గ్యాంగు మనిషి. నలభై రెండేళ్ల కిందట పనిలోనే పోయాడు. ఆయన పోయినందుకు రైల్వేవాళ్లు అవ్వకు గేటు ఇచ్చారు. బిట్రగుంటకూ కావలికీ మధ్య ఒక గది, ఒక ఫోను, రెండు జెండాలు, ఒక లాంతరు, గేటు దించే ఇనుప చక్రం. అప్పుడు చంకలో మూడేళ్ల మా అమ్మ, కడుపులో ఎవాంజెలిన్ పిన్ని. ముప్పై అయిదేళ్లు అవ్వ ఆ చక్రం తిప్పింది. ఇప్పటికీ ఆమె అరచేయి గీకితే అగ్గిపుల్ల వెలుగుతుందని నేనంటాను. ఆమె ఆ అరచేత్తోనే నా వీపు మీద ఒకటి ఇస్తుంది. వెలగదు గానీ మండుతుంది.

గేటు పని చూసేవాళ్లకు సులువు. స్టేషను నుంచి ఫోను వస్తుంది, బండి బయల్దేరింది అని. ఊరికే మాట చెబితే చాలదు. స్టేషనులో ఉన్న మనిషి తన కాగితం మీది అంకె ఒకటి చెబుతాడు. దాన్ని ప్రైవేటు నంబరు అంటారు. అంకె చెప్పాడంటే ఆ మాటకు తన తల పూచీ అని అర్థం. అవ్వ ఆ అంకె రాసుకుని, తన అంకె ఒకటి తిరిగి చెప్పి, గేటు దించుతుంది. బండి పోతుంది. అప్పుడే బైకులవాళ్లు హారన్లు మొదలుపెడతారు, తియ్యమ్మా తియ్యమ్మా అని. అవ్వ మాత్రం బండి తోక చూస్తుంది. పగలైతే చివరి పెట్టెకు తగిలించిన చిన్న బోర్డు, చీకటైతే ఎర్ర దీపం. అది కనపడితేనే బండి మొత్తం పోయినట్టు. కనపడకపోతే బండిలో ఇంకా కొంత ముక్క ఎక్కడో వెనక ఉన్నట్టు.

ఉంటుందా అలా? ఒకసారి ఉంది. నేను పుట్టకముందు, ముసురు పట్టిన ఒక సాయంత్రం గూడ్సు ఒకటి పోయింది. తోకన దీపం లేదు. గేటు ఇవతల రెండు రొయ్యల లారీలు, ఒక పాల వ్యాను. క్లీనరు ఒకడు గేటు కింద దూరి వచ్చి చక్రం మీద చెయ్యి వేశాడు. అవ్వ జెండా కర్రతో ఆ చేతి మీద కొట్టింది. వాళ్లు ఆమెను అనరాని మాటలు అన్నారు. రెండు నిమిషాలు గడిచాయి. అప్పుడు వచ్చాయి, తెగిపోయిన నాలుగు వ్యాగన్లు. ఇంజను లేదు, కూత లేదు, దీపం లేదు. వానలో తమంతట తాము, మెల్లగా, నడిచి వచ్చినట్టు వచ్చి గేటు దాటిపోయాయి. లారీ డ్రైవరు కిందికి దిగి రోడ్డు మీదే కూర్చుండిపోయాడంట. అవ్వ ఈ సంగతి చెప్పినప్పుడల్లా చివర ఒకే మాట అంటుంది: "కూత పెట్టుకుంటా వచ్చేదానికి భయపడే పన్లేదు పాపా. కూత లేకుండా వచ్చేదే..." అంతటితో ఆపేస్తుంది.

రిటైరయి ఆరేళ్లయింది. గేటు పోయిందిగానీ గేటు వేసే బుద్ధి పోలేదు. మా ఇళ్లలో ఎవరైనా ప్రయాణమైతే నూట ఇరవై ఒకటో కీర్తన చదివి ప్రార్థన చేసి పంపడం ఉంది. అవ్వ అంతటితో ఊరుకోదు. మనిషి బయల్దేరిన నిమిషం నుంచి చేరిన నిమిషం దాకా పచ్చి గంగ ముట్టదు. "గేటు ఏసినా" అంటుంది, తన పెదవుల మీద వేలు అడ్డం పెట్టి. నెల్లూరు బస్సుకైతే గంటన్నర, ఎవరికీ బాధ లేదు. మా అన్న టైటస్ పటాలంలో చేరి గౌహతి పోయినప్పుడు రెండు రోజుల రైలు. మొదటి రోజు సాయంత్రానికే అవ్వ నోరు ఎండి మాట తడబడింది. మా అమ్మ భయపడి, "టైటస్ చేరినాడంటమ్మా, ఫోను చేసినాడు" అని ఒక అబద్ధం ఆడి అన్నం పెట్టింది. నిజానికి ఆ గంటలో మా అన్న రైలు ఎక్కడో వరద నీళ్ల మధ్య ఆగి ఉంది. ఆ సంగతి తర్వాత అవ్వకు తెలిసింది. ఆమె అమ్మను తిట్టలేదు. వారం రోజులు అమ్మ చేతి కూడు తినకుండా తనే వండుకుంది.

అవ్వకు చక్కెర జబ్బు. పొద్దున సూది, రాత్రి సూది. సూది వేసుకున్నాక అరగంటలో తినాలి. కావలి డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది. "ఈ వయసులో పస్తులు వద్దు. సూది వేసుకుని తినకపోతే చక్కెర ఎంత కిందికి పోతుందో, మనిషి తిరిగి లేస్తుందో లేదో నేను చెప్పలేను" అని. నేను ఇంటరు రెండుసార్లు రాసి రెండుసార్లూ లెక్కల్లో పోయినదాన్ని. అయినా ఆ లెక్క నాకు అర్థమైంది.

పోయిన ఏప్రిల్లో ఎవాంజెలిన్ పిన్నికి లండన్ ప్రయాణం పడింది. పిన్ని తోటపల్లి గూడూరు దగ్గర ఒక రొయ్యల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. రొయ్యల్లో మందుల అవశేషాలు కనిపెట్టే కొత్త మిషను నేర్చుకుని రమ్మని నాలుగు రోజులకు పంపారు. విమానం ఎక్కడం మా ఇంట్లో ఆమెదే మొదలు. టికెట్టు నకలు ఒకటి పిన్ని నా చేతికిచ్చి మెల్లగా చెప్పింది. "మద్రాసు నుంచి లండన్‌కి ఎనిమిదివేల రెండొందల కిలోమీటర్లంట. దగ్గర దగ్గర పదకొండు గంటలు. అమ్మకు నువ్వే ఎట్నో నచ్చజెప్పి ఆ రోజు తినిపించాల."

నేను టికెట్టు చూశాను. మద్రాసులో పొద్దున అయిదూ ముప్పై అయిదుకు బయల్దేరడం. లండన్‌లో పదకొండూ యాభైకి దిగడం. అదే రోజు. లండన్ గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి అక్కడి టైము అక్కడ వేశారు. నాకు అది తెలుసు. అవ్వకు తెలియదు. రైలు గైడులో హౌరా నుంచి మద్రాసు దాకా ఒకటే గడియారం. ముప్పై అయిదేళ్లు ఆ గడియారం కింద బతికిన మనిషి కాగితం మీద రెండు టైములు చూస్తే చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీసేస్తుంది, అంతే.

తీసేసింది. "ఆరుంబావు గంట" అంది కళ్లద్దాలు పైకి నెట్టుకుంటూ. "లండన్ ఇంత దగ్గరా?"

"విమానం గదా అవ్వా" అన్నాను.

"దూరమెంత?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఎనిమిదివేల రెండొందలు అంటే ఆమె ఆరుంబావుతో భాగించి, ఇంత జోరున విమానం పోదే అని పట్టేస్తుంది. అందుకని "అయిదు వేలు" అన్నాను.

అవ్వ పెదాలు కదిలాయి. "గంటకు ఎనిమిది వందలు. సరే, పోతాదిలే." కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. "పన్నెండుకు తినేయొచ్చు. పొద్దుటి సూది పదకొండున్నరకు ఏసుకుంటా."

నాకు బుర్రలో దీపం వెలిగినట్టయింది. పదకొండు గంటల పస్తును ఆరుంబావుకు కోసేశాను. పన్నెండింటికి "పిన్ని దిగిందంట" అని ఒక కేక వేస్తే చాలు, అవ్వ తింటుంది, నిజం ఫోను సాయంత్రం ఎప్పుడో వస్తుంది, నేను దాన్ని మిద్దె మీదికి తీసుకుపోయి మాట్లాడుకుంటాను. ఇంత తెలివి నాకు పరీక్షలో ఎందుకు రాలేదా అనిపించింది.

పిన్ని బయల్దేరిన సాయంత్రం కీర్తన అయింది, ప్రార్థన అయింది. కారు ఎక్కబోయే ముందు అవ్వ పిన్ని తల వంచి చెవిలో ఏదో చెప్పింది. ఇంకో దీవెన అనుకున్నాను. అమ్మానాన్న కూడా పిన్నితో మద్రాసు పోయారు. అమ్మకు అక్కడ కంటి ఆసుపత్రిలో పనుంది. ఇంట్లో నేనూ అవ్వా మిగిలాం. రాత్రి పిన్నే మద్రాసు చేరామని ఫోను చేశాక అవ్వ సూది వేసుకుని తింది.

తెల్లారి అయిదూ పదికి పిన్ని దగ్గర్నుంచి మెసేజు వచ్చింది, ఎక్కి కూర్చున్నానని. అయిదూ ముప్పై అయిదుకు అవ్వ పెదవుల మీద వేలు అడ్డం పెట్టింది. "గేటు ఏసినా." గోడ గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకుంది. కిటికీలోంచి పాత ఇంజన్ల షెడ్డు మొండిగోడలు కనపడతాయి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పొగ ఆగేది కాదంటారు. ఇప్పుడు తుమ్మచెట్లు, కుక్కలు. తొమ్మిదికల్లా ఎండ తెల్లగా అయిపోయింది. గాలి లేదు. ఆ రోజు సముద్రం వైపు నుంచి వచ్చే గాలి కూడా ఎవరో ఆపినట్టు ఆగిపోయింది. కొంగలు కూడా పైకి లేవలేదు.

పదకొండున్నరకు అవ్వ సూది వేసుకుంది. నేనే మందు సీసా అందించాను. అది మాత్రం రాయకుండా ఉండలేను. నేనే అందించాను.

అన్నం, చింతకాయ పప్పు, వేయించిన నెత్తళ్లు బల్ల మీద పెట్టాను. పదకొండూ యాభై అయింది. పన్నెండు అయింది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని పెరట్లోంచి ఉరుకుతూ వచ్చాను, నాటకంలో మాదిరి. "అవ్వా! పిన్ని దిగిందంట! మెసేజు పెట్టింది! ఇంక గేటు తీసెయ్!"

అవ్వ ముఖం వెలిగింది. చెయ్యి పళ్లెం దాకా పోయింది. అక్కడ ఆగింది.

"నంబరేంది?"

"ఏం నంబరు?"

"దానికి నంబరు చెప్పి పంపినా. చెవులో. చేరినాక ఆ అంకె చెప్పమన్నా. మీయమ్మ టైటస్ సంగతిలో చేసిన పనికి, ఇంక అంకె లేకుండా ఎవరి మాటా నమ్మగూడదనుకున్నా. మెసేజులో నంబరుండాదా లేదా?"

నేను ఫోను వెనక్కి దాచుకున్నాను. "మర్చిపోయిందేమో అవ్వా. అలసట గదా."

"దిగినాక ముందు నంబరు, తర్వాత మాట. రెండుసార్లు ఒప్పజెప్పించుకున్నా. అది మర్చిపోయే పిల్ల కాదు." అవ్వ పళ్లేన్ని మెల్లగా అవతలికి నెట్టింది. గొంతు తగ్గించింది. "మెసేజు వచ్చినాది, నంబరు రాలా. అంటే ఆ ఫోను ఇప్పుడు దాని చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉండాదో..."

ఆ మాటకు నా వీపు మీద చల్లగా ఏదో పాకింది. మెసేజు నేనే పుట్టించానని తెలిసి కూడా పాకింది.

"అవ్వా, తిను. సూది ఏసుకున్నావు."

"బండి ముక్కయినాది" అంది అవ్వ, గడియారం వైపే చూస్తూ. "ముందు సగం వచ్చినాది. వెనక సగం యాడనో ఉండాది."

పన్నెండూ ఇరవైకి నేను నిజం చెప్పేశాను. మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను. మెసేజు రాలేదవ్వా, నేనే చెప్పాను. అక్కడి గడియారం వేరు. దూరం అయిదు వేలు కాదు, ఎనిమిదివేల రెండొందలు. పిన్ని ఇంకా గాల్లోనే ఉంది. మన టైము నాలుగూ ఇరవైకి దిగుతుంది.

అవ్వ నా తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది. "నన్ను ఊరుకోబెట్టేదానికి చెప్తాండావు పాపా. మొన్న అయిదు వేలంటివి. ఇప్పుడు ఎనిమిది వేలంటాండావు. వచ్చినాదంటివి. ఇప్పుడు రాలేదంటాండావు. ఇంకాసేపుంటే లండనే లేదంటావు."

అబద్ధం చెప్పినప్పుడు నమ్మిన మనిషి నిజం చెప్పేటప్పటికి నమ్మడం మానేసింది. నా నిజానికి నంబరు లేదు.

ఒంటి గంటకు అవ్వ పై పెదవి మీద చెమట పట్టింది. చేతులు వణికాయి. నేను చక్కెర కలిపిన నీళ్లు తెచ్చి గ్లాసు నోటికి ఆనించాను. అవ్వ పళ్లు బిగించింది. బలవంతంగా చెంచా దూర్చబోతే నా వేలు కొరికింది. ఆ గుర్తు ఇంకా ఉంది, చూపిస్తాను. 108కి ఫోను చేశాను. కావలి నుంచి రావాలి, అరగంట పైన పడుతుందన్నారు.

అప్పుడు అవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది. నాతో కాదు. "ఎవరది చక్రం మీద చెయ్యేసినాడు... తియ్యొద్దు... దీపం లేదు దానికి." కళ్లు తెరిచే ఉన్నాయి. గడియారం వైపే ఉన్నాయి. కానీ ఆమె చూస్తున్నది గడియారం కాదు. కిటికీ బయట తెల్లటి ఎండ, కూత లేని పట్టాలు. ఆ నిశ్శబ్దంలోంచి ఏదో తనంతట తాను మెల్లగా నడిచి వస్తున్నట్టు నాకూ అనిపించింది. ఇన్నాళ్లూ ఆ నాలుగు వ్యాగన్ల కథ విని నవ్వినదాన్ని. అవి ఎలా వస్తాయో ఆ మధ్యాహ్నం తెలిసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా మూడో ఇంటికి ఉరికాను. అక్కడ పెంచలయ్యగారు ఉంటారు. బిట్రగుంట స్టేషనులో అసిస్టెంటు స్టేషను మాస్టరుగా చేసి పన్నెండేళ్ల కిందట రిటైరయిన మనిషి. ఇరవై ఏళ్లు అవ్వ గేటుకు ఫోను చేసి నంబర్లు ఇచ్చిన గొంతు ఆయనదే. ముక్కు మీది కళ్లద్దాలు తియ్యకుండా అంతా విన్నారు.

"దూరం ఎంతని చెప్పినావు?"

"అయిదు వేలు."

"అసలెంత?"

"ఎనిమిదివేల రెండొందలు."

"మూడువేల రెండొందల కిలోమీటర్లు మింగేసినావా! రైల్వేలో ఒక కిలోమీటరు మింగితే ఉద్యోగం పోతాది. దిగేదెప్పుడు, మన టైముకి?"

"నాలుగూ ఇరవై."

"ఈసారి నిజమేనా?"

"బైబిలు మీద..."

"బైబిల్ని ఇందులోకి లాగబాక. పరిగెత్తు ఇంటికి. ఫోను మోగుతాది, ఆమె చేతికియ్యి. నువ్వు నోరు తెరవబాక."

నేను ఇల్లు చేరేలోగానే మోగింది. అవ్వ చేతిలో ఫోను పెట్టాను. వణుకుతున్న వేళ్లు దాన్ని గట్టిగా పట్టుకున్నాయి. వంగిన నడుము నిటారుగా అయింది. ఆ పట్టు నాకు కొత్త. అది గేటు గదిలో పట్టు.

"గేటు" అంది అవ్వ.

"బిట్రగుంట" అంది అవతలి గొంతు. పెంచలయ్యగారిదే, కానీ మూడో ఇంటి పెంచలయ్యగారిది కాదు. "ఎలిశబెతమ్మా, లండన్ బండి గురించి. ముందు నీకు ఇచ్చిన దూరం తప్పు. సరి చేసుకో. ఎనిమిదివేల రెండొందలు."

"అయిదు వేలని చెప్పినారు సార్."

"చెప్పినోళ్లు తప్పు చెప్పినారు. బండి లేటు లేదు. ఇంకా సెక్షన్లోనే ఉండాది, చానా దూరాన. పదహారూ ఇరవైకి చేరతాది. విన్నావా?"

"బండి చేరినట్టు మెసేజు వచ్చినాది సార్. నంబరు లేదు."

"నంబరు లేని మెసేజు మెసేజే కాదు. కొట్టెయ్. ఇప్పుడు విను. నీ గేటు దగ్గర అంబులెన్సు నిలబడి ఉండాది. లోపల ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఉండాది. బండికి ఇంకా మూడు గంటల టైముండాది. గేటు తీసి అంబులెన్సుని పంపించి మళ్లా మూసెయ్."

చెమట ఆమె గడ్డం మీంచి చీర మీద పడుతోంది. నేను చక్కెర నీళ్ల గ్లాసు ఆమె నోటి దగ్గరికి తెచ్చాను.

"నంబరియ్యండి" అంది అవ్వ.

"నలభై ఆరు."

"నలభై ఆరు" అంది అవ్వ. నా వైపు చెయ్యి చాచింది. పెన్ను అడుగుతోందని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. పిన్ని టికెట్టు వెనక, వంకర టింకరగా, నలభై ఆరు అని రాసింది. తర్వాత నోరు తెరిచింది.

గ్లాసులో సగం తాగించాను. పెదవుల మీద వేలు అడ్డం పెట్టుకుని మళ్లీ మూసేసింది. ఇంకొంచెం తాగమంటే తల అడ్డంగా ఊపింది. ఒక్క అంబులెన్సుకే అనుమతి ఇచ్చారంట.

అసలు అంబులెన్సు వచ్చేసరికి రెండు దాటింది. వేలు గుచ్చి చూశారు. సగం గ్లాసు చక్కెర నీళ్ల తర్వాత కూడా నలభై తొమ్మిది. వచ్చిన నర్సు నా వైపు చూసి, "ఇంకో పావుగంట ఆలస్యమైతే మేము వచ్చినా లాభం లేకపోను" అంది. చేతి నరంలోకి మందు ఎక్కించారు. అది నోట్లోంచి పోలేదు కాబట్టి గేటు తీసినట్టు కాదని అవ్వ ఒప్పుకుంది. ఆసుపత్రికి రమ్మంటే మాత్రం నాలుగూ ఇరవై దాకా కదలనంది. చక్కెర నూటికి ఎక్కినాక, పెంచలయ్యగారు పక్కన ఉంటానంటే, సంతకం పెట్టించుకుని వాళ్లు పోయారు.

నాలుగూ ఇరవై అయింది. ముగ్గురం ఫోను వైపు చూశాం. నాలుగున్నర అయింది. పెంచలయ్యగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నాలుగూ నలభైకి నేను మళ్లీ టికెట్టు చూశాను, రాత్రి తేదీ మారిందేమో, నేనే ఇంకో తప్పు చేశానేమో అని. అప్పటిదాకా విమానం గాల్లో ఉందని నాకు మాత్రం తెలుసుననుకున్నాను. నిజానికి నాకూ ఏమీ తెలియదు. ఎనిమిదివేల రెండొందల కిలోమీటర్ల మీద పిన్ని ఎక్కడుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. అవ్వ ఒక్కతే పొద్దుటి నుంచీ ఆ సంగతి తెలిసి కూర్చుంది.

నాలుగూ యాభై రెండుకు మోగింది. అవ్వే ఎత్తింది.

"డెబ్బై మూడు" అంది పిన్ని గొంతు. "అమ్మా, డెబ్బై మూడు. దిగేదానికి చోటు లేక పైనే తిప్పినారు అరగంట."

"తోక కనపడినాదా?"

పిన్ని నవ్వింది. "పైన పెట్టిన పెట్టె కూడా దించుకున్నానమ్మా. చేతిలో ఉండాది."

అవ్వ ఫోను కింద పెట్టి పళ్లెం దగ్గరికి లాక్కుంది. పప్పు చల్లారి గడ్డకట్టింది. వేడి చేస్తానంటే వద్దంది. మొత్తం తినేదాకా ఎవరివైపూ చూడలేదు. తిన్నాక పెంచలయ్యగారితో అంది: "రిటైరయి పన్నెండేండ్లయినాది. నంబరిచ్చే అధికారం నీకు యాడిదయ్యా?"

"నీకు గేటు యాడిదమ్మా?" అన్నాడాయన.

మర్నాడు పొద్దున సూది వేళకు నేను మందు సీసా అందించబోతే చెయ్యి చాపలేదు. లేచి తనే తెచ్చుకుంది. అప్పటి నుంచి తనే తెచ్చుకుంటోంది. కాలు నొప్పి ఉన్న రోజు కూడా.

ఇదంతా రాసి నిన్న మధ్యాహ్నం అవ్వకు చదివి వినిపించాను. రెండో రాకడ దగ్గర ముసిముసిగా నవ్వింది. వేలు కొరికిన చోట, "ఇంకా గట్టిగా కొరకాల్సింది" అంది. సీసా సంగతి వచ్చినప్పుడు కిటికీ వైపు తిరిగింది. బాగుందా అని అడిగితే, అక్షరాలు మాత్రం బాగున్నాయంది.

అప్పుడు అసలు సంగతి ఎత్తాను. పిన్ని కంపెనీలోనే నాకు చిన్న ఉద్యోగం వచ్చేట్టుంది. వచ్చే ఆదివారం రాత్రి హైదరాబాదు బండెక్కి మూడు రోజులు ట్రైనింగులో ఉండి, గురువారం రాత్రికి తిరిగి రావాలి. రైల్లో పోవడానికి పది గంటలు. దూరమూ టైమూ రెండూ సరిగ్గా చెప్పాను. ఈసారి ఒక్క కిలోమీటరు కూడా మింగలేదు. రైలు గైడు తెచ్చి చూపించాను. తర్వాత పిన్ని మాదిరి తల వంచి చెవి దగ్గరికి పెట్టాను.

"నాకూ ఒక నంబరు చెప్పవ్వా. దిగంగానే ఫోను చేసి చెప్తా. నువ్వు తినేయొచ్చు."

అవ్వ నా చెవి పట్టుకుని పక్కకు తిప్పింది.

"నీకు నంబరు లేదు. నువ్వు తిరిగొచ్చి నా ఎదట నిలబడితేనే గేటు తీస్తా."